గెడ్డం కింద బస్తాలు

లొల్ల లాకుల దగ్గర, లష్కరు క్వార్టరులో,
నీటిమట్టం రాసే పుస్తకానికి పైన మేకుకి
తాతయ్య ఒంటె మీద కూర్చుని ఉంటాడు.
కాళ్ళకి సర్కారు బూట్లు. టోపీ వంకర.
వెనక రాతి సింహం, మనిషి మొహంది.
దాని గెడ్డం కింద
ఇసుక బస్తాలు.

"బాంబు పడితే తలకాయ ఊడిపోద్దని పెట్టార్రా.
చూడగానే దండం పెట్టేశాను.
మన ఇంటిపేరు వాడే కదా!"
గెడ్డం తీతు, మద్రాసు సాపర్సు.
ఆ ఒక్క హాస్యం మీద నలభై ఏళ్ళు బతికాడు.

నలభై మూడు. కైరో. ఏడు రోజుల సెలవు చీటీ.
ఇసుకలో మందుపాతరలు తడిమి తీసిన వేళ్ళకి
ఏడు రోజులు ఏం పని చెప్పాలో తెలీలేదట.
ట్రాము ఎక్కాడు, దిగాడు, మళ్ళీ ఎక్కాడు.
విమానాలకి కనబడకుండా దీపాలకి నీలిరంగు పూస్తే
పట్నమంతా చాకలి బానలో ముంచి తీసినట్టుందట.
ఆ నీలంలో ఒక టీ కొట్టు.
తాగి, అలవాటుగా గ్లాసు కడగబోతే
కొట్టువాడు చేతిలోంచి లాక్కున్నాడు.
తిట్టాడనుకున్నాడు తాతయ్య.
కాదట. "చుట్టానివి, కూర్చో" అని ఆ మాటకి అర్థమట.

పిరమిడ్ల గురించి రెండు ముక్కలే:
"పెద్దయ్యేరా. ఎండెక్కువ."
ఆదివారం బడిలో విన్న ఐగుప్తు ఇదేనా,
మనోళ్ళు ఇటికలు కోసిందెక్కడ, అని గైడుని అడిగాడు.
గైడు రాజుల పేర్లు చెప్పుకుంటూ పోయాడు.

నాలుగో రోజు తోటివాళ్ళు బజారుకి పోతే
తనొక్కడే పడవెక్కి నైలు ఆనకట్ట చూడబోయాడు.
పైన ఏరు ఒకటి, కింద రెండు.
అచ్చం ధవళేశ్వరం.
తలుపులు లెక్కపెట్టాడు. మధ్యలో తప్పాడు.
అక్కడి కాపలా ముసలాయన చుట్టకి నిప్పిచ్చాడు.
భాష లేదు.
ఆయన అరచెయ్యి తన మోకాలి దగ్గర పెట్టాడు:
పోయినేడు వరద ఇంత.
తాతయ్య తన చెయ్యి మెడ దగ్గర పెట్టాడు.
ముసలాయన నాలిక కరుచుకున్నాడు.
ఈ ముక్క చెప్పేటప్పుడు మాత్రం
లేచి నిలబడి, చెయ్యి పెట్టి చూపించేవాడు.

నలభై ఆరులో రేవులో దిగితే
టీ కొట్టు చూరులో తన గ్లాసు తనకోసం ఎదురుచూస్తోంది.
పతకం ఉన్న చొక్కాతోనే తీసుకుని,
తాగి, కడిగి, చూరులో పెట్టాడు.
దీని మీద ఇంకేం చెప్పలేదు.
నేనూ అడగలేదు. అడగాల్సింది.

ఎనభై ఆరు, ఆగస్టు.
ఏటిగట్టు చెమర్చింది.
లాంతర్లు, గోనెలు, కొబ్బరి మట్టలు, కేకలు.
గట్టు పైన వరసగా బస్తాలు వేయిస్తున్నారు ఇంజినీరుగారు.
రిటైరైన లష్కరు వానలో వచ్చి
"పైన కాదండి బాబూ, గెడ్డం కిందండి" అన్నాడు.
ఎవరికీ అర్థం కాలేదు.
తనే ఊరి వైపు దిగి, గట్టు పాదం దగ్గర,
నీరు ఊటగా లేస్తున్నచోట మొదటి బస్తా పెట్టాడు.
తర్వాత ఒకడు దిగాడు. తర్వాత పదిమంది.

గట్టు ఆయన వల్లే నిలిచిందని నేననను.
అవతల ఎక్కడో తెగింది,
అందుకే ఇక్కడ నిలిచిందంటారు కొందరు.

తెల్లారి ఎవరో బకెట్టుతో టీ తెచ్చారు.
రెండే గ్లాసులు. వరసలో ఉన్న అందరికీ అవే.
తాతయ్య తాగి, కడగడానికి వంగాడు.
ఆగాడు.
అలాగే పక్కాయనకి ఇచ్చేశాడు.
పక్కాయన క్షణం చూసి, తాగేశాడు.
చలి కదా, మరి.

ఇప్పుడు గేజీ రాసేది నేను.
మొన్న సున్నం వేస్తూ ఫోటో దింపితే
వెనక పెన్సిలుతో అంకెలు, వాళ్ళ తలుపుల లెక్క.
ఒకటి రాసి కొట్టేశాడు.
ఇంకోటి రాసి కొట్టేశాడు.
మూడోది సగంలో ఆగింది.