సున్నా బైసాలు

సూపర్ మార్కెట్ కరపత్రం వెనక్కి తిప్పి
కోడిగుడ్ల ధర వీపు మీద
గళ్ళు గీసింది నైమిష.
పది రోజుల సెలవులు, అయిదు రియాళ్ళు.
"రోజుకి అర్ధ రియాలేనా అమ్మా" అంది,
మూడో తరగతికే భాగహారం వచ్చేసిన దిగులుతో.

రువీలో మార్చి అంటే
కిటికీ తెరిస్తే గాలి, ఫ్యాను ఆపినా నిద్ర.
ఏసీలు బాగుచేసేవాడి ఇంటికి మాత్రం
కరువు కాలం.
ఎండలు ముదిరితే డబ్బు వస్తుంది,
ఓబులేసు రాడు.
చల్లగా ఉన్నన్నాళ్ళు ఓబులేసు వస్తాడు,
ఓవర్‌టైము రాదు.
ఇద్దరూ కలిసి గడప తొక్కిన నెల
ఈ ఏడేళ్ళలో నేను చూడలేదు.

సరే, మనిషి ఉన్నప్పుడే రాసుకుందాం అన్నాను.

మొదటి గడిలో ముత్రా.
పోయేటప్పుడు నడక, వచ్చేటప్పుడు బస్సు.
పులిహోర ఇంటిది, సముద్రం ఎవరిదో
ఎవరూ అడగలేదు.
రేవులో ఓడ కనబడితే ఒక మార్కు, తెల్లదైతే రెండు.
రుత్విక్ పడవల్ని కూడా కలిపేసుకుని
తొంభై దగ్గర నిద్రపోయాడు, తండ్రి భుజమ్మీద.

రెండో గడిలో ఖురుమ్.
సకీనక్క వాళ్ళ వ్యాను ఖాళీగా పోతుంటే ఎక్కాం.
నీళ్ళు వెనక్కి తగ్గిన తడి ఇసుకలో
పీతలు గోళీలంత ఉండలు చేసి
వరసగా ఆరబెట్టుకున్నాయి.
తొక్కకుండా నడవడమే ఆట.
ఓడిపోయింది నేనే.

మూడో రోజు రేగిపళ్ళు.
వాదీ గట్టున ముళ్ళచెట్టు,
దాని కింద చేతికర్రతో ఒక ఒమానీ ముసలాయన.
ఇక్కడ వీటిని నబక్ అంటారు.
కొమ్మ వంచి పట్టుకుని పిల్లల్ని కళ్ళతోనే పిలిచాడు.
నా చున్నీ నిండింది.
రాజంపేట బస్టాండులో వీటిని గ్లాసుతో కొలిచి అమ్ముతారంటే
"గ్లాసు ఎన్ని బైసాలు?" అంది నైమిష.
ఉప్పూ కారం గురించి చెబుదామనుకున్నదాన్ని
ఊరుకున్నాను.

నాలుగో రోజుకల్లా
ఒక్క మామిడి ఐస్‌క్రీము, దానికి జతగా ఇంకోటి
మిగతా గళ్ళన్నీ తినేశాయి.

అప్పుడు, ఇంకా అక్షరాలు రాని రుత్విక్
అయిదో గడిలో ఒక డబ్బా గీశాడు.
డబ్బా పక్కన నిచ్చెన, నిచ్చెన మీద పుల్లలాంటి నాన్న.
"నాన్న పని చూడ్డానికి పోదాం."
"మిద్దె మీద ఏముంది రా, దుమ్ము తప్ప"
అంటూనే తాళంచెవి తీశాడు ఓబులేసు.

దుమ్మే. నీళ్ళ ట్యాంకులు, తుప్పు, గొట్టాల చిక్కు.
వరసగా మూతులు మూసుకున్న ఏసీ డబ్బాలు.
ఎవరి గది ఏదో, ఏది మొండిదో, దేనికి దగ్గుందో
పేర్లు పెట్టి పిలుస్తుంటే
మా పిల్లలు వాళ్ళ నాన్నని
మొదటిసారి విన్నారు.

మా డబ్బా వెనక గువ్వ కదిలింది.
నాలుగు పుల్లలు, ఒక రాగి తీగ, రెండు గుడ్లు.
తీగ కేసి వంగి చూసి
"ఇది నేను కత్తిరించి పారేసిందే" అన్నాడు,
సంపాదనంతా దాని చేతిలో పోసినట్టు.

ఆ తర్వాత రోజూ సాయంత్రం మిద్దె.
నైమిష ఖర్చు గడిలో సున్నాలు,
ఒక్కో సున్నా ఒక్కో గుడ్డంత శ్రద్ధగా.

సెలవులైపోయాయి. ఏప్రిల్ వచ్చి
గోడలకు జ్వరం తెచ్చింది.
ఊరందరి గదులూ చల్లబరుస్తున్న ఓబులేసు
మా రిమోటుని ఫ్రిజ్ మీద, మూలకి తోసి పెట్టాడు.
పిల్లలు తడిపిన బండల మీద పడుకున్నారు.
విసనకర్రలా ఆ కరపత్రమే,
ఒకవైపు గుడ్ల ధర, ఒకవైపు సున్నాలు.

రాత్రి పదకొండుకి తలుపు తీస్తే
మంచినీళ్ళు అడగలేదు.
"ఎగిరాయా?"
"ఒకటి" అన్నాను.
చొక్కా విప్పి వంకీకి తగిలించి
కిటికీ రెండో రెక్క కూడా తెరిచాడు.