పదకొండున్నర

మా ఊళ్లో నదిని ఎవరూ పేరుపెట్టి పిలవరు.
"వస్తోందట" అంటారు, అంతే.
కొత్తవాళ్లు ఏ చుట్టమో అనుకుంటారు.

ఆ ఏడు అక్టోబరులో వచ్చింది.
ముందు రేవు మెట్లు, తర్వాత చేపల బజారు,
దీపాల వేళకి నా కొట్టు గడప.
ఉరుగ్వే నది తలుపు తట్టదు,
సందులోంచి నాలుక చాపుతుంది.

కింది అరల్లో నిఘంటువులు, అట్లాసులు.
బరువైనవి కిందే ఉండాలని
ముప్ఫై ఏళ్ల కిందట సర్దింది నేనే.
ఆ రాత్రి మోకాటి లోతులో నిలబడి
నా తెలివిని నేనే తిట్టుకుంటూ మోశాను.

పిలవకుండానే వచ్చారు జనం.
రొట్టెల హెర్మినియో, సైకిళ్లు బాగుచేసే అన్నదమ్ములు,
ఏనాడూ కొనడానికి రానివాళ్లు సైతం
మనిషికో పెట్టె నెత్తిన పెట్టుకుని మిట్టకి నడిచారు.
ఎవరేం తీసుకెళ్లారో రాసుకుందామంటే
పొడి కాగితం ముక్క లేదు
పుస్తకాల కొట్టులో.

పంతొమ్మిది రోజులు.
నది తిరిగి తన పక్కలో పడుకున్నాక
నా అంత ఎత్తున గోడమీద ఒక మట్టి గీత మిగిలింది.
సున్నం వెయ్యలేదు దానికి. వేసినా తెలుస్తుంది.

పెట్టెలు ఒక్కటొక్కటే ఇల్లు చేరాయి.
హెర్మినియోది ఈస్టు వాసనతో వచ్చింది.
టీచరమ్మ నెల్లీది అక్షర క్రమంలో వచ్చింది,
నా వల్ల ఎన్నడూ కానిది.
ఒకటి రాలేదు.
ఎవరి దగ్గరుందో నాకు తెలుసు.
ఆ ఇంటికి కప్పు కూడా మిగల్లేదు, ఏ మొహంతో అడగను?

ఆఖర్న పడవ ఎలియుతేరియో.
టార్పాలిన్ చుట్టి, వలతాడుతో కట్టిన పెట్టె,
విప్పడానికి నాకు పావుగంట పట్టింది.
అంతసేపూ నిలబడే ఉన్నాడు.
చంకలో ఫ్లాస్కు, చేతిలో మాటే బుర్ర,
నోట మాత్రం మాటే లేదు.
స్టీలు గొట్టం గరగరమన్నాక, అప్పుడు:

"మనవరాలు మిర్తా చదివింది, పడవలో.
కరెంటు లేదు, పనీ లేదు.
నూట పన్నెండో పేజీకి నీళ్లు తీశాయి, బడి తెరిచారు.
గుర్రాల దొంగ ఇంకా వంతెన కిందే నక్కి ఉన్నాడు."
తడి నోట్లు రెండు బల్లమీద పరిచాడు.
"సగం వాడేశాను. సగానికి తీసుకో."

ఉంచుకోమన్నాను, ఊరికే.
"అప్పుడు దొంగ ఎవరవుతారు?" అని వెళ్లిపోయాడు.

నెలాఖరున అద్దెకి వచ్చాడు బెర్రూతి.
లెక్కల పుస్తకం తనవైపు తిప్పుకున్నాడు.
అమ్మినవి: పదకొండున్నర.
వేలు ఆ అర మీద ఆగింది.
"ఇదేం వ్యాపారం? ముక్కలు కోసి అమ్ముతున్నావా, జున్నులాగా?"
వరద నెల అద్దె తగ్గిస్తాడేమోనని
నవ్వాను. తగ్గించలేదు.

మర్నెల మొదటి వరుసలోనే మిగతా అర రాశాను.
మందుల షాపు ఓర్ఫిలియా తీసుకుంది,
కాస్త ఉబ్బిన అట్ట చూసి బేరమాడబోతే
"సగం ఇప్పటికే ముట్టింది" అన్నాను.
ఆమెకి అర్థం కాలేదు, అయినా ఇచ్చింది.

వారం తిరక్కుండా ఎలియుతేరియో.
తల దువ్వుకుని, ఆదివారం చొక్కా వేసుకుని.
"మిగతా సగం ఎంత?"
నాకు గొంతు పెగల్లేదు.
వీధి అవతలి ఆకుపచ్చ దీపం వైపు చెయ్యి చూపించాను.

ఇప్పుడు రోజూ సాయంత్రం
బీపీ చూసే కుర్చీలో కూర్చుంటాడు.
దగ్గు మందుకి వచ్చినవాళ్లు నిలబడే ఉంటారు.
ఓర్ఫిలియా తాపీ మనిషి, పేజీకి రెండుసార్లు కళ్లద్దాలు తుడుస్తుంది,
అతనేమో ముందున్నవాడు, నోరు జారకూడదు.
"చెప్పకు" అంటుందామె.
"చెప్పను, తిప్పు" అంటాడతను.

కొట్టు మూస్తూ అటు తొంగి చూస్తాను.
నిన్నటికి నూట నాలుగు.