సుద్దగీత

నిలబెడితే దడ, తోలితే దడ.
అద్దంల కనబడే బండ్లన్నీ రెండు రెండు.
పొద్దున్నే బెల్టు కీచుమంటది,
దేశాయిపేట గల్లీల కుక్కలు జవాబు చెప్తయి.

ములుగు రోడ్డు మెకానిక్
చెయ్యి పెట్టకముందే చార్జీ చెప్పిండు.
సోమవారం బడులు తెరుస్తరు.
పదకొండు మంది పిల్లలు, ఒక్క తవేరా.
జేబుల కొత్త పుల్లీకి పైసలున్నయి,
విప్పే చేతులకు లేవు.

రవళి సుద్దముక్క తెచ్చింది.
పుల్లీ నడిమి ఇనుము నుంచి అంచు ఇనుము దాకా
రబ్బరు మీదుగా ఒక్కటే గీత గీసిన.
పది నిమిషాలు ఇంజన్ తిప్పి, ఆపి చూస్తే
గీత రెండు ముక్కలు.
లోపలి సగం ఒక దిక్కు,
బయటి సగం బెత్తెడు అవతల.
"నాన్నా, తప్పిపోయింది" అన్నది.

హార్మోనిక్ బ్యాలెన్సర్ అంటరు, కంపెనీ పుస్తకంల.
ఇనుముకూ ఇనుముకూ నడుమ పడి
లోపలి ప్రతి పేలుడు వణుకునూ మింగే
వేలెడు నల్లటి రబ్బరు.
పదిహేనేండ్లు మింగింది. ఇగ చాలన్నది.

ఆదివారం, రేకుల కింద,
బ్యాటరీ తీగ తప్పించిన. ఫ్యాను, దాని గూడు, బెల్టులు.
ఏ బోల్టు ఎక్కడిదో మరువకుండ
ఇడ్లీ పళ్లెం గుంటలల్ల పెట్టుకుంట పోయిన.
వంటింట్లకెల్లి కేక వినబడ్డది.
వినబడనట్టే ఉన్న.

నడిమి బోల్టు మాత్రం రాదు.
ఐదో గేరుల పెట్టి టైర్ల కింద రాళ్లు పెడితె
రాళ్లు కదిలినయి, బండి కదిలింది, బోల్టు కాదు.
బ్రేకు మీద బరువైన కాలు కావాలె.
గుంజనీకి మూడు కాళ్ల పుల్లర్ కావాలె.
రెండూ గోడవతల ఉన్నయి.

అంకూస్‌తోని మాటల్లేక రెండేండ్లు.
జానెడు గోడ. నాదంటె నాదని తాశిల్దారు దాకా పోయినం.
టేపు పట్టుకొచ్చినోడు ఎండకు తాళక
సగం కొలిచి ఎల్లిపోయిండు.
అప్పటిసంది రెండిండ్ల నడుమ రవళి ఒక్కతే తిరుగుతది,
పెరుగు తోడుకు, కరెంటు బిల్లుకు,
అక్కడి మాట ఇక్కడ సగమే చెప్పుకుంట.

"మూడు కాళ్లది కావాల్నట" అని పంపిన.
పుల్లర్ ఒక్కటే రాలేదు, అంకూస్ వచ్చిండు.
కాజీపేట షెడ్డుల ముప్పయ్యేండ్లు ఇనుము పట్టిన చెయ్యి
నా సుత్తెను పక్కకు జరిపింది.
"కొడితె షాఫ్టు ఏడుస్తది"
అన్నడు, నాతోని కాదు, బండితోని.
పోయి సీట్ల కూసుండి బ్రేకు తొక్కిండు.

రెంచీకి బోరింగు పైపు తొడిగి వేలాడిన.
టక్కుమన్నది.
నా భుజమే అనుకున్న. బోల్టు.

పుల్లర్ మర తిప్పుతుంటె
అంగుళం, అర అంగుళం, మొండికేసి,
పాత పుల్లీ ఒక్కసారి ఊడి ఒడిల పడ్డది.
దాంతోపాటు కీ జారి కంకరల పడ్డది.
గోరంత ఇనుప నెలవంక.
అది లేకుంటె షాఫ్టుకు పుల్లీకి పొత్తు లేదు.
ఇద్దరం మోకాళ్ల మీద దేవులాడుతుంటె
తలకు తల తగిలింది. ఎవ్వరం ఏమనలె.
పాత స్పీకర్ అయస్కాంతానికి దారం కట్టి
రవళి దొరకబట్టింది.

సీలు పెదవికి వేలితోని ఆయిలు రాసిన.
గాడి చూసి కొత్తది ఎక్కించి
బోల్టుతోనే మెల్లగ లోపలికి పిలిచినం.
టార్క్ రెంచీ టిక్కుమనంగ
ఇంకింత అనబోయిన.
అంకూస్ నా మణికట్టు పట్టుకున్నడు.

సెల్ఫ్ కొట్టిన.
ఫెండర్ మీది గిలాసల చాయ
అంచు పొంటి సన్నగ అలలాడి నిలబడ్డది.
కుక్కలు లేవలె.

పుల్లర్‌ను గుడ్డతోని తుడుచుకుంట
ఇడ్లీ పళ్లెం దిక్కు చూసిండు.
చివరి గుంటల ఒక బోల్టు.
"ఇదేడిది?"
ఈసారి నాతోనే.

నాకు తెల్వదు. ఆయనకూ తెల్వదు.
ఇంజన్ ఆపి, టార్చి పట్టుకొని
ఇద్దరం మళ్ల బానెట్ కిందికి వంగినం.
రవళి నడుమకెల్లి దూరి
కొత్త రబ్బరు మీదుగా
నాలుక బయటపెట్టి, చెయ్యి కదలకుండ,
గీత గీస్తున్నది.