నాలుగో అమ్మకం

అట్‌బాషి అంటే మా భాషలో గుర్రం తల.
తల ఊళ్ళో ఉంది. మిగతా ఒళ్ళంతా
ఆదివారం తెల్లవారకముందే సంతకు వస్తుంది,
లారీల్లో, కాలినడకన,
పాత లాడా కారు వెనక తాడు కట్టుకుని.

నేను దళారిని.
ఇటు చెయ్యొకటి, అటు చెయ్యొకటి పట్టుకుని
రెండూ కలిసేదాకా ఊపుతాను, భుజాలు ఊడొచ్చేలా.
ఇరవై ఆరేళ్ళుగా ఇదే పని.
ఒక్క గుర్రమూ కొనుక్కోలేదు.
నా పెరట్లో కట్టుకొయ్య మీద
మా ఆవిడ ఉన్ని తివాచీలు ఆరేస్తుంది.

ఆ పొడుగుకాళ్ళది దోన్ జాతి,
సైన్యం వదిలేసి వెళ్ళిన రక్తం, చలికి ఆగదు.
ఆ బూడిదరంగుది ఓర్లోవ్ మనవడినంటోంది,
అంటున్నది అది కాదు, దాని యజమాని,
నిన్న రాత్రి నేనే నేర్పాను.
మూలన పొట్టివి, పొట్ట కింద మంచు వేలాడేవి
మా కొండ గుర్రాలు. వాటిని వంశం అడగరు,
డెక్క ఎత్తి చూస్తారు, అంతే.
టోపీలు తియ్యకుండా నిలబడ్డ ఆ ఇద్దరూ
ఏ జాతినైనా కిలోల్లో చదువుతారు.
వాళ్ళొస్తే గుర్రాలు చెవులు వెనక్కి వాలుస్తాయి.
నేను నవ్వుతాను. కమిషన్ కమిషనే.

కిదిరాలి ముసలాయన ఎర్రదాన్ని
మొదటిసారి ఏప్రిల్లో అమ్మాడు, నా చేతుల మీదుగానే.
ఆయన కాలు రికాబుదాకా లేవడం లేదు,
గడ్డి ధర మాత్రం లేచింది.
కొన్నది కోచ్‌కోర్ బడి పంతులు.
తొమ్మిదో రోజు, డోలోన్ కనుమ దాటి,
తెగిన తాడు మంచులో ఈడ్చుకుంటూ
వచ్చి గుమ్మం ముందు సకిలించిందట.
ఆయన డబ్బు తిరిగిచ్చాడు.
నా వెయ్యి సోములూ నేను కక్కాల్సొచ్చింది.
రెండోసారి నరిన్ అవతలికి: నాలుగు రోజులు.
మూడోసారి, చైనా సరిహద్దు దారిలో
టీ కొట్టు నడిపే గుల్‌సైరాకు.
ఆవిడ గొలుసేసింది.
గొలుసుతోనే వచ్చింది.

సంతంతా పగలబడింది:
"ముసలాయన గుర్రాన్ని అద్దెకిస్తున్నాడురా!"
నాకు నవ్వు రాలేదు. మూడు వేలు.

అప్పుడు గమనించాను.
అమ్మాక మావాళ్ళందరూ చేసేదే,
కోటు అంచుతో గుర్రం మూతి తుడిచి
ఆ తడి ఇంటికి తీసుకుపోతారు,
మందకు బరకత్తు మిగలాలని.
తుమ్మినంత సేపు పడుతుంది, అంతే.
ముసలాయన తుడిచేది వేరు.
జలుబు చేసిన బిడ్డకు తుడిచినట్టు
ఇటూ, అటూ, మళ్ళీ ఇటూ,
పెదవి కింద వెంట్రుకల దాకా.
మరి రాక ఏం చేస్తుంది?

అక్టోబరు. నాలుగోసారి.
కొనేవాడు ఎండీబెక్, పైమేతల కాపరి,
బూట్లకి తాడు చుట్టుకున్న కుర్రాడు.
కిలోలవాళ్ళు ఇరవై వేలు ఎక్కువ పెట్టారు.
ముసలాయన వాళ్ళకేసి చూడలేదు, నాకేసీ చూడలేదు.
నేను పెదవి ఎత్తి పళ్ళు చూపించాను,
తొమ్మిదేళ్ళు అన్నాను గట్టిగా.
"పద్నాలుగు" అన్నాడు కిదిరాలి.
నా జన్మలో అమ్మేవాడే బేరం పాడుచెయ్యడం చూళ్ళేదు.
కుర్రాడు ఒక క్షణం ఆలోచించి
చెయ్యి చాచాడు.

ముసలాయన నోట్లు లెక్కపెట్టలేదు.
కోటు అంచు పట్టుకున్నాడు.
పట్టుకుని,
వదిలేశాడు.
రెండు చేతులూ కోటు చేతుల్లోకి దోపుకుని
మినీబస్సు వైపు నడిచాడు.
గుర్రం మెడ తిప్పింది. ఆయన తిప్పలేదు.

నా బొటనవేలు ఇంకా తడిగానే ఉంది,
పళ్ళు చూపించిన వేలు.
ఎవరూ చూడటం లేదని చూసుకుని
నా కోటు అంచుకు రాసుకున్నాను.

ఇవాళ్టికి పదిహేడు రోజులు.
కట్టుకొయ్య మీద తివాచీలు తియ్యమన్నాను.
ఎందుకంది మా ఆవిడ.
కొయ్య పుచ్చిందేమో, చూడాలన్నాను.
దళారి మాట కదా,
నమ్మలేదు.
తివాచీలు మాత్రం తీసింది.