వెనక సీటు

రేణిగుంట రోడ్డు షోరూములో
ఎర్రది, రెండే తలుపులది.
కాయ దోరగా మాగినప్పటి రంగు.
వంగి లోపల కూర్చుంటే
నేల తొడలకి తగిలినట్టుంది.

నాది నల్ల సెడాన్.
టమోటా కిలో నూరు దాటిన ఏడాది కొన్నా.
మండీలో అందరూ దాన్ని చూసే నమస్కారం పెడతారు,
నాక్కాదు.
ఏడేళ్లుగా వెనక ఎడం పక్క కూర్చుని
ఫోన్లో ధరలు తెంచుతూనే ఉన్నా.
లైసెన్సు ఉంది, బీరువాలో.
భాకరాపేట ఘాట్లో ఎన్ని మలుపులో
ఇప్పటికీ తెలీదు నాకు.

అమ్మే పిల్లాడు లెక్క రాసిచ్చాడు:
పాతదానికింత, పైన ఇంత.
"వెనక సీటు పేరుకే మేడమ్,
హ్యాండ్‌బ్యాగు పెట్టుకోవచ్చు."

మునిరత్నం బయట బానెట్ తుడుస్తున్నాడు,
తుడిచిన చోటే మళ్లీ.
లోపలికొచ్చి ఎర్రదాని చుట్టూ ఒక తిరుగు తిరిగి
"రెండు డోర్లేనామ్మా" అన్నాడు.
రెండోది ఎవరికని
అడగలేదు.

రేపు చెప్తానని లేచా.
చంద్రగిరి దాటాక బండి ఆపించి
తాళం నాకియ్యి, నువ్వు వెనక్కి పో అన్నా.
సీటు అంచున కూర్చున్నాడు
చెప్పులు చేత్తో పట్టుకుని.

మొదటి మలుపులో చేతులు వణికాయి.
మూడోదాంట్లో లారీ హారన్ తిట్టింది.
అయిదో మలుపులో
ఈ ముసలి నల్లది నా మాట వింది,
నడుము తిప్పి, ఒళ్లు వంచి.

"నిదానమ్మా! పక్కన లోయుండాది!"
ఏడేళ్లలో మొదటిసారి
మునిరత్నం నన్ను గద్దించాడు.

షోరూము నించి ఫోను మోగుతోంది.
ఎత్తడానికి చెయ్యి ఖాళీ లేదు.

తొమ్మిది వరకూ లెక్కపెట్టా.
తరవాత మరిచిపోయా.