తీరవలసిన లోటు

ఫిబ్రవరి. ప్లాట్ నది మీద మంచు ఇంకా పలక కట్టే ఉంది.
మూడేళ్ళకోసారి వచ్చినట్టే వచ్చాను,
నెబ్రాస్కా ముద్ర ఉన్న కార్డుతో, రెండు పెన్సిళ్ళతో.
స్టెన్‌జెల్ అంత్యక్రియల గృహం, వెనక గది.
పైన పూల వాసన, దాని కింద మందుల వాసన,
దాని కింద పాత కాగితాల వాసన.
నా పని ఆ మూడోదానితో.

ఆర్విల్ స్టెన్‌జెల్ కాఫీ తెచ్చాడు.
తాగకూడదని రూలు. ఆయనకు తెలుసు.
అయినా ప్రతిసారీ తెస్తాడు,
ప్రతిసారీ అది నా మోచేతి పక్కనే చల్లారుతుంది.

రెండువందల పన్నెండు ఒప్పందాలు.
చావుకు ముందే కట్టేసిన చావు ఖర్చులు.
కట్టినవాళ్ళు ఈ ఉదయం ఎక్కడో
ట్రాక్టరుకు నూనె పోస్తూ, గుడ్లు వేయించుకుంటూ ఉంటారు.
వాళ్ళ ప్రతి డాలరూ బ్యాంకు ట్రస్టులో పడాలి,
మనిషి పోయేదాకా పైసా కదలకూడదు.
చట్టం అంతే, రెండు వాక్యాలు.
మిగతా నలభై పేజీలూ
ఆ రెంటినీ తప్పించుకున్నవాళ్ళు రాయించినవి.

ఎడమచేతి కింద రసీదులు, కుడిచేతి కింద బ్యాంకు కాగితం.
పెన్సిలు ఈ గట్టు నుంచి ఆ గట్టుకు.
నలభై ఒక్క పేర్లు ఈ గట్టున ఉన్నాయి.
ఆ గట్టున లేవు.

"ఒక్కరినైనా పూడ్చకుండా వదిలానా?" అన్నాడు ఆర్విల్.
నిజమే, వదల్లేదు.
కొత్తగా కట్టినవాళ్ళ డబ్బుతో పాతవాళ్ళను సాగనంపాడు.
శవవాహనానికి ఇంజను, వడగళ్ళకు పోయిన పైకప్పు,
మొక్కజొన్నకు ధర లేని రెండేళ్ళు.
దొంగ అనడానికి నోరు రాలేదు.
ఫారంలో ఆ మాటకు గడి కూడా లేదు.

ఏ సరుకైనా కొన్నవాడు విప్పి చూసుకుంటాడు.
తూకం తగ్గితే దుకాణం ముందు కేకలేస్తాడు.
ఈ సరుకు చేతికొచ్చే రోజున
కొన్నవాడు నోరెత్తడు.
ఓకు చెక్కకు డబ్బు కట్టి
చౌకరకం పెట్టెలో పడుకున్నా ఒత్తిగిల్లి అడగడు.
అతని బదులు అడగడానికే
నాకు నెల జీతం.

సరిచూసుకోవడానికి ఫోన్లు చెయ్యాలి.
ఆర్డిత్ పోల్‌మన్, ఎనభై ఏడు.
"ప్రభుత్వమా? నేను పోయానని ఎవరైనా చెప్పారా?"
చెవుడు, అందుకే గొంతు పెద్దది. గదంతా వినిపిస్తోంది.
బడి వంటగదిలో గరిటె తిప్పిన జీతంలోంచి
నెలకు ఇరవై అయిదు, పన్నెండేళ్ళు.
రసీదులన్నీ బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయట.
చదవనా అంది. చదివింది,
ఒక్కొక్కటే, తేదీతో సహా.
నేను ఆపలేదు.
ముప్పై రెండోదాని దగ్గర
ఆర్విల్ లేచి కిటికీ వైపు వెళ్ళాడు.

"ఎందుకు అడుగుతున్నావమ్మా ఇవన్నీ?"
మామూలు తనిఖీ, అన్నాను.
నివేదిక మీద సంతకం పడేదాకా
అంతకు మించి చెప్పే అధికారం నాకు లేదు.
ఫోను పెట్టేశాక కూడా
ఆ "మామూలు" పళ్ళ మధ్య ఇసుకలా కరకరలాడింది.

రాత్రి మోటెల్లో, హీటరు దగ్గుతుండగా, రాశాను.
సంతాపం రాసేవాళ్ళు తీరని లోటు అంటారు.
నా కాగితంలో లోటంటే ఒక అంకె:
లక్షా ముప్పై ఎనిమిది వేల రెండు వందలు.
అది తీరాలి. తొంభై రోజుల్లో.
లేకుంటే గోడ మీది లైసెన్సు దిగుతుంది.
భవనం అమ్ముతాడేమో.
ఊళ్ళో ఇంకొకటి లేదు, ఇక పోయినవాళ్ళు
అరవై మైళ్ళు పోవాలి.
అది నా అంకెలోకి రాదు.

తెల్లారేసరికి ఫోన్లో ఆర్డిత్ గొంతు, రికార్డయి ఉంది:
"లిల్లీలు వద్దని రాసుకున్నావా?
ఒప్పందంలో ఉంది చూడు. నాకు తుమ్ములొస్తాయి."

వెతికాను. ఉంది.
మూడో పేజీ అడుగున, కార్బన్ నీలంలో,
ఆర్విల్ చేతిరాత.
లిల్లీలు వద్దు.
కింద రెండు గీతలు, కాగితం చిరిగేంత గట్టిగా.