తప్పిన వేలు

ఎనుమాముల యార్డుల
మార్చి నెల పొద్దున అందరం దగ్గుతుంటం.
దగ్గుకుంటనే ధర కడతం.

మా సేటు వాళ్ల తాత కాలంల
తువ్వాల కింద చేతులు కలిపి
వేళ్లు నొక్కి బేరం చేసేటోళ్లట.
ఒద్దనుకుంటే చెయ్యి గుంజుకునుడే.
తువ్వాలకు నోరు లేదు.
నాకు తువ్వాల లేదు.
అద్దం పగిలిన ఫోను, అండ్ల సేటు పేరు,
సేటు పేరు మీద నా వేలు.

లాటు నంబరు నాలుగు వందల పన్నెండు.
తేజ రకం. ముప్పై ఏడు బస్తాలు.
రైతు బానోతు ద్వాళి, గూడూరు దగ్గరి తండా.
పద్నాలుగు వేల రెండు వందలు కొట్టాలె.
సరిగ్గ అప్పుడే తుమ్ము.
ఒకటి పక్కనే రెండు ఉంటది గద,
ఇరవై నాలుగు వేల రెండు వందలు.

తెర పచ్చగైంది.
మీ ధర నమోదైనది.

రద్దు అన్న మాట దొరకబట్టుడే కష్టం.
మూడు గీతల లోపల, ఇంకో మూడు చుక్కల లోపల
దొంగ లెక్క దాక్కున్నది.
ఒత్తితే అడిగింది: కారణం ఎంచుకోండి.
సాంకేతిక లోపం. నాణ్యతలో తేడా.
పొరపాటు నమోదు. ఇతరములు.
"నాణ్యత అని కొట్టు, మన మీదికి రాదు"
ఫోన్ల సేటు.
బస్తాకెల్లి ఒక కాయ తీసి ఇరిచిన.
గింజ గలగలమన్నది, ఘాటు నెత్తికెక్కింది.
ఏం తేడా అని రాయాలె?
పొరపాటు మీద ఒత్తిన.

పదకొండు నిమిషాలు పట్టింది మొత్తం.
అంతట్లకే ఆ ధర ఆమె ఫోన్ల పడ్డది.
అక్షరాలు రావు, అంకెలు వస్తయి.
ఏడుగురు హమాలీలకు చాయ్ చెప్పింది,
బిస్కెట్లు గూడ.
పురుగుమందుల దుకాణమాయనకు ఫోను జేసి
"నీ బాకీ రేపే" అన్నది
నలుగురు ఇనేటట్టు.

నేనే పోయిన. చెప్పిన.
లక్షా నలభై ఎనిమిది వేలు
ఎంత మెల్లగ చెప్పినా గట్టిగనే వినపడతయి.
తిడుతదనుకున్న.
"ఏ వేలు?" అన్నది.
"కింటాలుకు పది వేలమ్మా."
"అది గాదు. ఒత్తిన వేలు ఏది?"

చూపుడువేలు చాపిన.
పట్టుకుని అటు తిప్పింది, ఇటు తిప్పింది,
తాలుకాయను చూసినట్టు చూసి
ఇడిచిపెట్టింది.

చాయ్ పైసలు నేనిస్తనంటే
"నువ్విచ్చుడు చూసినం తియ్"
అని కొంగుముడి ఇప్పింది.
చిల్లర రెండు సార్లు లెక్కపెట్టింది.
హమాలీలు కప్పుల దిక్కే చూసుకుంట తాగిన్రు,
ఒక్కరు గూడ చప్పుడు చేయలే.

లాటు వేరే సేటుకు పోయింది,
పద్నాలుగు వేల మూడు వందలకు.
మా సేటు రోజంత నాతో మాట్లాడలే.

నాలుగు వందల పదమూడు వచ్చింది తెర మీదికి.
వేలు మండుతాంది.
మూడు నెలలు కాయలు తెంపిన చేతులు ఆమెవి,
పట్టుకున్నది అరనిమిషమే.
షర్టుకు తుడుసుకున్న. ఇంకా మండింది.

ఒకటి మీద పెట్టిన.
ఒత్తకముందు ఒకసారి చూసిన.
మళ్ల చూసిన.